పది దాటాలి

దుబాసీ పనిలో మొదటి నియమం:
ఆమె "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
అందుకే పారమట్టాలో, నాలుగో అంతస్తులో,
నా భుజం నిక్షేపంలా ఉండగా
"నా భుజం రాత్రిళ్లు సలుపుతుంది డాక్టర్" అన్నాను.
సలుపుకి ఇంగ్లీషులో మాట వెతికేలోపే
ఆయన నొప్పి అని రాసేసుకున్నాడు.
పోటూ నొప్పే, తీపూ నొప్పే,
లాగుడూ గుంజుడూ అన్నీ ఒకే గడిలో.

దీవెనమ్మ వెస్ట్‌మీడ్ ఆసుపత్రి లాండ్రీలో
పదకొండేళ్లు తడి దుప్పట్లు ఎత్తిన మనిషి.
గ్రేట్ వెస్టర్న్ హైవే మీద ఎర్రదీపానికి ఆగి ఉంటే
వెనక వస్తున్న ట్రక్కు ఆగలేదు. అంతే కథ.
మిగతాదంతా కాగితాలు.

ప్లాస్టిక్ కోణమాని భుజానికి ఆనించి
"ఎత్తండి" అన్నాడు. ఎత్తింది.
"ఇంకా."
ఇంకా లేదు. తొంభై దగ్గర చెయ్యి
గాలిలో ఏదో అందుకోబోయి మరిచిపోయినట్టు వణికింది.
"యాక్సిడెంటుకి ముందు ఈ చెయ్యి బాధపెట్టేదా?"
ఆమె నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.
"దుప్పట్లు మోసే చెయ్యి, అరగదా అయ్యా?
గోరుచుట్టు మీద రోకటి పోటు."

నేను నియమం తప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను:
నా వేలికి ముందే గోరుచుట్టు ఉంది,
దాని మీద రోకలి పడింది.
ఆయన కలం గోరుచుట్టు దగ్గరే ఆగింది.
రోకలి దాకా రాలేదు.

సర్టిఫికెట్ వచ్చింది.
మొత్తం మనిషిలో చెడింది పదమూడు శాతం.
పాత అరుగుదలకు మూడు తీసివేత.
మిగిలింది పది.
ఇక్కడి చట్టంలో బాధకు వెల కట్టాలంటే
పది చాలదు, పది దాటాలి.
సమీక్ష ప్యానెల్ ముగ్గురూ చూసి అదే పది అన్నారు,
అదే వాక్యంతో, కామాతో సహా.

"పది అంటే ఎంత?" అంది రైల్లో దీవెనమ్మ.
"రెండు చేతుల వేళ్లు" అన్నాను.
"జడ వేసుకోవాలంటే అవన్నీ కావాలే!"

సుప్రీం కోర్టు, ఫిలిప్ వీధి. జూన్ చలి.
ఇక్కడ ఆమెను ఎవరూ చెయ్యెత్తమనలేదు.
వెనక బల్ల మీద ఆమె చెవిలో
గుసగుసగా నేను దాటించిన మొదటి మాట:
"ఈ కోర్టు భుజాన్ని చూడదు."
"మరేం చూస్తుంది?"
డాక్టరు ఏ దారిన నడిచి పదికి చేరాడో
ఆ దారి కాగితం మీద కనిపిస్తుందా లేదా, అది.
బీమా కంపెనీ లాయరు పావుగంట మాట్లాడాడు.
"కోడిగుడ్డుకి ఈకలు పీకొద్దంటున్నాడు" అన్నాను.
ఆమెకు వెంటనే అర్థమైంది.
సామెత ఇటు వచ్చినంత తేలిగ్గా అటు వెళ్లదు.

జడ్జి కళ్లద్దాలు తీసి ఒకటే అడిగింది:
"మూడే ఎందుకు? రెండు కాకుండా, సున్నా కాకుండా?"
ఫైళ్లు తిరగేశారు. ఎక్కడా జవాబు లేదు.
గోరుచుట్టు ఊసు ఎవరూ ఎత్తలేదు.
నేను ఎత్తకూడదు.
దుబాసీకి సొంత నోరుండదు.

ఏడు వారాలకు తీర్పు. ముగ్గురం ఒకే ఫోన్ లైన్లో.
గెలిచామన్నాడు మా లాయరు.
"గెలిచాం" అన్నాను నేను.
"అయితే పది దాటిందా?"
దాటలేదు. ఆ సర్టిఫికెట్ రద్దయింది.
కొత్త ప్యానెల్ మళ్లీ మొదటినుంచి కొలుస్తుంది.
అటువైపు కుక్కర్ రెండు కూతలు కూసేదాకా మాట లేదు.
"మళ్లీ ఎత్తాలన్నమాట."
అదీ ఇంగ్లీషులో చెప్పాను. లాయరు దగ్గాడు.

సెప్టెంబరు. వేరే గది, వేరే కోణమాని.
లిఫ్టులో దీవెనమ్మ నా వైపు తిరక్కుండానే
"ఈసారి సామెతలు చెప్పనులే" అంది.
తెలుసన్నమాట. ఎప్పటినుంచో.
నేను అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడ్డాను.

"ఎత్తండి" అంది కొత్త డాక్టరు.
"ఎత్తండి" అన్నాను.
ఆమె చెయ్యి లేచింది.
కుర్చీ కోడు మీంచి నా చెయ్యి కూడా, కొంచెం.
ఏ నియమమూ అలా చెయ్యమనలేదు.