అట్టగోడ

మౌలాలి వేలితో నొక్కి చూసినాడు.
అర అంగుళం లోపలికి పోయింది.
"గోడ కాదు కదమ్మా ఇది, రొట్టె."

నిజమే. చెరుకుపిప్పి అట్ట.
కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేండ్లలో
గుమాస్తాలకు అద్దెకిచ్చేదానికి
ఇంటాయన తాత పడసాలను నిలువుగా రెండు చేసినాడంట.
నడుమ టేకు రీపర్లు, ఇటొక అట్ట, అటొక అట్ట,
మధ్యలో జానెడు చీకటి.

మేకు కొడితే ఊడొచ్చేది.
గుండుసూదులకే ఒప్పుకునేది ఆ గోడ.
దగ్గును ఆపింది లేదు, తిరగమాత ఘాటునూ ఆపింది లేదు.

నేను కాపురానికొచ్చేసరికి
అవతల సుంకులమ్మ ఉండాది, పెద్దాసుపత్రిలో ఆయా.
మా ఆయనకు ఆత్మకూరు బస్సు, నైట్ హాల్టు.
మూడో రాత్రి అట్ట మీద టక్కుమనింది.
ఎలుక అనుకున్నా.
రోంత సేపటికి మళ్లా టక్కుమనింది.
ఎలుకకు అంత ఓపిక ఉండదు.

ఒక దెబ్బంటే, పడుకున్నావా.
రెండంటే, కొళాయి వచ్చింది, బిందెలు తీసుకో.
మూడంటే, బాగలేదు, రా.
మూడు నేను రెండుసార్లు కొట్టినా.
రెండోసారి ఆమె చుట్టూ తిరిగి వచ్చేసరికి
పిల్ల తల బయటికొచ్చేసింది.
ఆమె మాత్రం ఎన్నడూ మూడు కొట్టలేదు.

వరద వచ్చిన ఏడు
మా వీధి మెరక మీదుండబట్టి నీళ్లు తొడల దాకానే.
తీసినాక చూస్తే ఆ మేరకు అట్టంతా
ఉగ్గానికి నానబెట్టిన బొరుగుల మాదిరి ఉబ్బి
బేతంచెర్ల బండల మీదికి జారిపోయింది.
గోడ కింది నుంచి ఆమె కాళ్లు కనపడినాయి,
మట్టెల్లో ఒండ్రు.
ఇద్దరం చీపుర్లతో
ఒకరి బురద ఇంకొకరి మీదికి తోసుకుంటా,
ఎందుకు నవ్వినామో,
ఇంట్లో బియ్యం గింజ లేని దినం అది.

తర్వాత కింది సగానికి సిమెంటు రేకు బిగించినారు.
సుంకులమ్మ డోన్‌లో చెల్లెలింటికి పోయింది,
ఆడనే ఉండిపోయింది, ఆడనే పోయింది.
అవతలి సగంలో ఎండుమిరప మూటలు వేసినారు.
ఈ పక్క నాకు తుమ్ములు.
మూటలు తట్టవు కదా.

ఇప్పుడు లోను తీసి రెండు సగాలూ మేమే కొన్నాం.
మౌలాలి మూతికి తువాలు కట్టుకుని
కత్తితో కోస్తాంటే పొరలు పొరలుగా రంగులు.
నేనొచ్చినప్పటి నీలం. దాని కింద గులాబీ.
అన్నిటికీ అడుగున ఏ గుమాస్తాదో పెన్సిలు లెక్క,
పాలు, కిరసనాయిలు, ఊరికి మనియార్డరు,
కూడిక తప్పు.
జానెడు చీకట్లో దొరికినవి
పండ్లూడిన దువ్వెన, ఎండిన బల్లి.

రెండు అట్టలనూ వాకిట్లో ఎండకు ఆనించినాడు.
నా అట్ట మీద భుజం ఎత్తున ఒక గుంత,
కణుపులంత, నున్నగా.
ఆమె అట్ట మీదా ఉంది.
కానీ మూరెడు కింద.
నేను నిలబడి కొట్టేదాన్ని,
ఆమె మంచం మీద కూర్చునే కొట్టేది.
ఇరవై ఒక్క ఏండ్లు
ఆమె చెయ్యి సరిగ్గా నా చేతికి ఎదురుగా ఉందనుకున్నా.

"చెత్తబండికి వేసేద్దునా?" అన్నాడు.
వేసెయ్ అన్నా.
"జిప్సం బోర్డు పెడితే శానా నీటుగా..."
వద్దప్పా, ఇంగ గోడే వద్దు.

రీపర్లను మాత్రం ఉంచమన్నా, టేకు కదా.
దేనికి చెద పట్టిందో చూసేదానికి
సుత్తి పిడితో తట్టుకుంటా పోతాండాడు.
వంటింట్లో నేను పప్పు రుబ్బుతాండా.
టక్. టక్.

మౌలాలి పిలిచేదాకా తెలియలేదు.
నేను పెరట్లో ఉండా,
చేతిలో బిందె, కొళాయి తిప్పి.
"ఏమ్మా, నీళ్లు కావాల్నా?"
ఏం లేదప్పా,
నీ పని నువ్వు కానీయ్.