చెంచాలో ఎవరూ ఉండకూడదు

మొదటి వారం నాకు కెమెరా ఇవ్వలేదు.
తెల్ల నూలు గ్లవ్స్ ఇచ్చారు, ఒక గాలిబుడ్డి,
చెవి డాక్టరు వాడేలాంటి పట్టకారు.
"దుమ్ముతో మొదలు," అంది మోరీన్.
అందర్నీ లవ్ అని పిలుస్తుంది,
కాలు తగిలి పడబోయిన లైటు స్టాండుని కూడా.

షెఫీల్డ్‌లో, డాన్ నది పక్కన,
ఒకప్పుడు కత్తులకు సాన పట్టిన షెడ్డు ఇది.
వాన పడితే ఇటుకల్లోంచి ఇప్పటికీ
ఇనుము వాసన.
లోపల మాత్రం ఋతువు లేదు, పొద్దు లేదు.
మేం వెలిగించినప్పుడే మధ్యాహ్నం.

రెండో వారం చెంచా.
గాజుసీసా నయం, తోలుచెప్పు ఇంకా నయం.
చెంచా ఉందే, అది రెప్పలేని కన్ను.
ముందు ఏం పెట్టినా మింగుతుంది:
సాఫ్ట్‌బాక్సు, పైకప్పు దూలాలు,
బయటికి దారి చూపే పచ్చబోర్డు,
తలకిందులుగా నేను,
ఆవగింజంత మొహంలో గుమ్మడికాయంత ముక్కు.

"చెంచాలో ఎవరూ ఉండకూడదు లవ్.
కొనేవాళ్ళకి వాళ్ళ సూపు గుర్తుకు రావాలి, నువ్వు కాదు."

అందుకని దాని చుట్టూ గుడారం కట్టాం,
ట్రేసింగ్ పేపరుతో, క్లిప్పులతో, బ్లూటాక్ ఉండలతో.
లెన్సుకి మాత్రం ఒక కన్నం.
నేను నల్ల చొక్కాలో, నల్ల అట్ట వెనక
ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని.
లేకుండా పోవడం కూడా పనేనని,
దానికీ నడుం నొప్పెడుతుందని అప్పుడు తెలిసింది.

ఉగ్గుపాలతో వచ్చిన విద్య కాదు కదా,
తిట్లు తిన్నాను.
నా తప్పుని తెరమీద ఇంతలింతలు చేసి చూపించేది:
ఒక నూలుపోగు, మోకు తాడంత.

ఆమెకి మెరుపుకి ఒకటే మాట, షైన్.
ఎక్కువ షైన్, తక్కువ షైన్, చెత్త షైన్.
నేను లోలోపల నా మాటలతో అట్టలు జరుపుకునేదాన్ని:
ఇది జిగేలు, కళ్ళలో పొడుస్తోంది, లైటు వెనక్కి.
ఇది మిలమిల, గింజలు గింజలుగా ఉంది, ఇంకో కాగితం అడ్డం పెట్టు.
ఇది ధగధగ, పెళ్ళికి వచ్చినట్టుంది, తగ్గించు.
తళతళ కావాలంటే అంచున ఒక నల్ల గీత పడాలి.
నలుపు పక్కన లేకపోతే
తెలుపు మెరవదు, పాలిపోతుంది.

మూడో వారం, గురువారం,
ఆ చెంచాలకు మెరుగు పెట్టినాయన వచ్చాడు.
క్లిఫర్డ్ స్టానిఫోర్త్. డెబ్బై దాటాయి,
బొటనవేలి గోరు నల్లగా, వంకరగా.
టీ కప్పు పక్కన పెట్టి తెర చూశాడు.
చాలాసేపు చూశాడు.
"బాగుంది," అన్నాడు. "ఎవరిది?"

మోరీన్ నవ్వబోయి ఆగింది.
"నా చక్రం గీతలేవి?" అన్నాడాయన.
వెంట్రుక కన్నా సన్ననివి, కాడ పొడవునా.
గీరుకుపోయిందనుకుని తుడిచేశాం,
మౌస్‌తో, రెండు గంటలు కూర్చుని.
తుడిచేశాం కాదు. నేనే.

ఎవరూ ఏమీ అనలేదు. హీటరు టకటకమంది.
తర్వాత మోరీన్ గ్లవ్స్ నా వైపు తోసింది.

గుడారం ఒక పక్క విప్పాను.
లైటుని బల్లకి దాదాపు ఆనించి,
సాయంత్రం రైల్లోంచి దున్నిన చేను కనిపించే తీరుగా
పక్కవాటున వేశాను.
అట్టని వేలెడు జరిపాను. మళ్ళీ అరవేలు వెనక్కి.
గీతలు లేచాయి,
ఒక్కొక్కటే, నిద్రలోంచి.

"అదిగో," అన్నాడు, మనిషిని గుర్తుపట్టినట్టు.
నేనేదో గొణుగుతున్నానేమో,
"దీన్ని మీ భాషలో ఏమంటారమ్మాయ్?" అని అడిగాడు.
వెతికాను. తళతళ కాదు.
నా దగ్గరున్నవేవీ కాదు.
తెలీదన్నాను. తల ఊపి, చల్లారిన టీ తాగేశాడు.

కేటలాగులో చివరికి ఏ ఫోటో వేశారో నాకు చెప్పలేదు.
సోమవారం నుంచి షాంపూ సీసాలట, నూట నలభై.
గాలిబుడ్డి తీసుకున్నాను.