ఉపయోగం అనే గడి

ఆఫీసువాళ్లిచ్చిన కాగితంలో మూడు గడులు:
పేరు, ఎత్తు, ఉపయోగం.
నఫూద్ ఇసుకలో జీపు దిగి
తర్ఫా ముసలమ్మ గుడారం ముందు కూర్చున్నాను.

"అథ్ల్" అన్నాను, చెట్టు చూపించి.
"నా పెనిమిటిది చెక్కేశారు" అంది.
కాసేపటికి గానీ వెలగలేదు,
ఒకరి అథ్ల్ చెక్కడమంటే
వాళ్ల పరువు మీద బాడిస వేయడమని.

ఖతాద్ కొమ్మని పిడికిట పట్టి
ముళ్లతో సహా కిందికి దూయాలట;
అదైనా తేలికేనట
మరిది నోట ఒక్క క్షమాపణ రప్పించడం కన్నా.

"సఅదాన్ కనబడిందా ఎక్కడైనా?" తనే అడిగింది.
లేదన్నాను.
"రెండో మొగుడు మంచివాడే.
మేత మేతే. సఅదాన్ కాదు."
నవ్వింది,
అది మేసి పాలు చేపే ఒంటెల్ని తలచుకునో
మొదటివాణ్ణి తలచుకునో.

హంజల్ కాయని బూటుతో దొర్లించి
చేదు అని రాయబోతే
"లోకానికంతా తెలిసిందే, సిరా దండగ" అంది.

పొద్దు వాలాక ఘదా పుల్లల మీద కాఫీ పెట్టింది.
"ఎండి రాలినవి. నరికినవి కావు. రాసుకో."

తెల్లారి బూడిద కదిపితే
లోపల ఎర్రగా కన్ను తెరిచింది నిప్పు.
"మావాళ్లు బెంగకి దీని పేరే పెట్టుకున్నారు."
ఎవరి మీద బెంగో చెప్పలేదు,
పుల్లతో మళ్లీ బూడిద కప్పింది.

జాబితాలో ఆఖరిది తర్ఫా, ఉప్పునేల మొక్క.
ఎత్తు?
మోకాలి మీద చెయ్యాన్చి లేచి నిలబడిందావిడ.
నా భుజం దాకా వస్తుంది.
అదే రాశాను.