ఆయ్

మా లంకల్లో ఎవరేం అడిగినా
ముందు ఆయ్ అంటామండి.
అది ఔనని కాదు. విన్నానండి అని.
మీరు పెద్దోరండి అని.
కూర్చోమంటే ఆయ్, పొమ్మంటే ఆయ్,
కూలి రేపిస్తానన్నా ఆయే.

తెల్లారగట్ల, రొయ్యల చెరువు గట్టు మీద
ఎస్సై గారడిగారు.
నువ్వేనా కాపలా?
ఆయ్.
ఈ తీగలో కరెంటుందని తెలుసా?
ఆయ్.
నువ్వే కట్టావా?
అప్పటికే నా నోరు
అలవాటు దారిన నడిచిపోతోంది.

నూకరాజు ఇంకా అక్కడే ఉన్నాడు.
బుట్ట బోర్లాపడి
వాడు పట్టిన పీతలు ఒక్కొక్కటే
మురుగు కాలవలోకి దిగిపోతున్నాయి.

రాజమండ్రి జైలుకి ఆసామి మనిషొచ్చాడు,
చక్కెరకేళీలు పట్టుకుని.
"మా ప్లీడరే నీకూ చూస్తాడ్రా పల్లయ్యా,
పైసా అక్కర్లేదు.
కుక్కల కోసం నువ్వే కట్టేనని చెప్పు, చాలు.
మీవాళ్ళకి నెల నెలా బియ్యం వస్తాయి."
ఆయ్ అన్నాను.
పళ్ళు తిన్నాను. బాగున్నాయి కూడాను.

ఆ పై మంగళవారం లీగల్ ఎయిడ్ నుంచి
కెజియా గారొచ్చారు.
మా పెద్దదాని ఈడు పిల్ల.
తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంది.
మనిషి పోయిన కేసుకి ఈ పిల్లా అనుకున్నాను.
అనుకుంటూనే వకాల్తా మీద సంతకం పెట్టాను.
సంతకమంటే, కొప్పాడిలో కొ.
మిగతాదంతా గీతే.

అప్పటిదాకా ఎవరూ అడగనిది అడిగింది:
"పల్లయ్య గారూ, మీకు కరెంటు పని వచ్చా?"

గారూ అంది.

రాదమ్మా. భయం.
ఏరియేటర్ల స్విచ్చి కూడా
ఎండు తాటిమట్టతో పైకి తోస్తాను.
ఆ స్విచ్చిలోంచే తీగలోకీ పోతుందని
కార్తీకంలోనే తెలుసు.
తెలిసీ రోజూ దీపాలేళకి వేశాను.
కూడు పెట్టేవోడితో వద్దండి అనడం
మా ఇంట్లో ఎవరికీ రాదు.

కాసేపు రాయడం మానేసింది.
పెన్ను మూత కొరుకుతా కూర్చుంది.
"ఇది నాకు చెప్పారు, నాతోనే ఉంటుంది.
పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు.
తీగ కొన్న బిల్లు ఎవరి పేరునుందో వెతుకుదాం.
మీరు చేసిందేదో అది మీరు మొయ్యండి.
ఆసామిది కూడా మీ నెత్తినెందుకు?"

ఎనభై ఏడో రోజున బెయిలొచ్చింది.
జామీను నిలబడింది ఇద్దరు:
మా బావమరిదీ, కల్లు గీసే సూరన్నా.
ఆసామి ఇంటి నుంచి బియ్యమేం రాలేదు.

అమలాపురం కోర్టు వరండాలో
ఎక్కాలు చెప్పినట్టు చెప్పింది.
నేరం ఒప్పుకుంటావా అంటారు. ఏమంటారు?
ఆయ్...
కాదు. మళ్ళీ.
లేదండి.
గట్టిగా.
లేదండి.
యాభై నాలుగేళ్ళ నోరు.
పోటు మీద నావకి ఎదురు తెడ్డేసినట్టుంది.

లోపల జడ్జి గారు చదివారు.
నా పేరొకటే అర్థమయింది.
"లేదండి" అన్నాను.
గోడ అవతల ఎవరో అన్నట్టు వినపడింది.
వాయిదా పద్నాలుగో తారీకు.

బయట మెట్ల మీద నూకరాజు పెళ్ళాం.
నాలుగో సాక్షి.
సాక్షులతో మాట్లాడకూడదని
నా బెయిలు కాగితంలో రాసుంది.
ఆవిడ కాగితంలో ఏమీ లేదు కదండి.
"అరిచాడా?" అంది.
అంతే అంది.

ఆ రాత్రి నాలుగు ఏరియేటర్లూ తిరుగుతున్నాయి.
ఆ హోరులో
పక్కన పిడుగు పడ్డా తెలీదు.
ఆ మాట చెబితే ఆవిడకి నయమా, చెప్పకపోతేనా?

కెజియా గారు నా మోచెయ్యి పట్టుకుని
బస్సుల వైపు తిప్పేసింది.
ముక్తేశ్వరం దాకా నోట్లో ఏదో అడ్డం పడే ఉంది.
లేదండీ కాదది.
ఆయూ కాదు.