ఊపిరికి అంగుళం

ముప్పై ఒక్క మంది.
స్టీమర్ రోడ్డులో నా కొట్టు ముందు
చెప్పులు అరవై రెండు,
కాదు, అరవై ఒకటి.
ఒకటి రేవు దాటేటప్పుడు పంటు మీంచి పడిపోయిందట.

కొలతల పుస్తకం తీశాను.
టేపు చుట్టి
"బిగబట్టమాకమ్మా, మామూలుగా నిలబడు" అన్నాను,
ముప్పై ఏళ్ళుగా అందరితో అన్నట్టే.
పాటల టీచరు సుభాషిణిగారు నా చెయ్యి ఆపింది.
"ముందు గుండెల నిండా పీల్చనివ్వండి సత్యవేదమ్మగారూ,
అప్పుడు చుట్టండి."

పీల్చారు.
ఇరవై ఆరు కాస్తా ఇరవై ఏడున్నర అయింది.
కొల్లాటి నాగవేణికి ఇరవై ఎనిమిది దాటింది.
వాళ్ళ నాన్న గోదాట్లో మునిగి గుల్ల తీస్తాడు,
ఊపిరే వాళ్ళింట్లో ఆస్తి.

పెళ్ళి జాకెట్లు, పోలీసు చొక్కాలు,
పెద్దాసుపత్రి నర్సమ్మల కోట్లు
ఎన్ని కుట్టుంటాను!
జనాన్నంతా ఊపిరి వదిలేశాక కొలిచానన్నమాట,
వీళ్ళలో ఎవరూ పాడబోరని
ముందే నిర్ణయించేసుకున్నట్టు.

గుడ్డకి డబ్బులు?
బడి హార్మోనియంలోనే రెండు మెట్లు మూగవి.
రొయ్యల మేత షావుకారు వచ్చాడు.
చొక్కాల వీపున కంపెనీ పేరు వేయిస్తే
మొత్తం తనే పెట్టుకుంటానన్నాడు.
టీచరు అమాయకంగా అంది:
"పాడేవాళ్ళ వీపు ఎవరికీ కనబడదు కదండీ."
ఆయన టీ సగంలో వదిలేసి లేచాడు.
ఆ మిగిలిన సగం నేనే తాగాను, పారబొయ్యడం ఎందుకని.

చివరికి పాలకొల్లులో తాను చివర్లు దొరికాయి,
మామిడి చిగురు రంగు.
రెండు తానుల రంగు కలవలేదు.
ఎండలో పెట్టి చూస్తే ఒకటి చిగురు, ఒకటి ఆకు.
ఆకు రంగుని వెనక వరసకిచ్చాను.

కాలర్లకి లేసు కావాలి.
మా వీధి అల్లికలోళ్ళు సగం కూలికి దిగారు గానీ షరతు పెట్టారు:
"మా పిల్లలు ముందు వరసలో ఉండాలి."
"ఎత్తు ప్రకారమేనమ్మా" అంది టీచరు.
నలుగురూ గుమ్మంలో గుసగుసలాడుకుని
వెనక వరస కాలర్లు
రెండు వేళ్ళు వెడల్పుగా అల్లుకొచ్చారు.

వారం ముందు, కొట్టు మూసే వేళకి
బొమ్మిడి నవజీవన్ ఒక్కడే వచ్చాడు.
"నాకు కుట్టొద్దండి ఆంటీ" అంటుంటే
ఆ 'ఆంటీ' సగం పిల్లాడిది, సగం వాళ్ళ నాన్నది.
గొంతు పగిలింది.
కత్తిరించిన గుడ్డ వెనక్కి పోదురా, అన్నాను.
అబద్ధమే. వాడిది ఇంకా కత్తిరించలేదు.
టీచరు వాడికి శ్రుతిపెట్టె ఇచ్చింది.
చేతులు చాచాలి కదా అని
భుజం కింద కాస్త వదులు పెట్టాను.

భీమవరం నేను వెళ్ళలేదు,
ముహూర్తాల జాకెట్లు నెత్తి మీదున్నాయి.
ఆ సాయంత్రం ఆరింటికి, వీళ్ళ వంతు వచ్చే టైముకి,
మిషను ఆపి కాసేపు కూచున్నాను.
రోడ్డు మీద కొబ్బరి లారీ వెనక్కి పోతూ మోగింది.
అంతే విన్నాను.

సోమవారం సంచీలో బట్టలొచ్చాయి, ఉతక్కుండానే.
ఎన్నో బహుమతో టీచరు చెప్పింది, మర్చిపోయాను.
ఒక్కొక్కటే బల్ల మీద పరిచాను.
ముందు వరసలో ఒక కాలరు అంచు నోట్లో పెట్టి నమిలారు,
భయం దాకా తెలుస్తోంది.
అన్నిటికీ చంకల్లో చెమట గీతలు,
ఎండి, రేవుమెట్ల మీద పోటు నీరు గీసిన గీతల్లా.
నాగవేణిది చూస్తే
నేనొదిలిన అంగుళం చాలక
పక్క కుట్టు నాలుగు పోగులు తెగి ఉంది.

నవజీవన్ చొక్కా వెదికాను.
సంచీలో లేదు.
ముప్పైయ్యే ఉన్నాయి.
పుస్తకంలో వాడి పేరు ఎదురుగా
'ముట్టింది' అని రాసి
తెగిన పోగులకి సరిపోయే దారం
సూదికెక్కించాను.