నాలుగించులు

హెడ్డు విప్పి గోనెసంచి మీద పెట్టిండు మొయిన్ మేస్త్రీ.
ఆటోనగర్ల ఇంకా పొద్దెక్కలేదు,
కాళ్ళకింద నేల నల్లగ, మెత్తగ.
వేలితోటి ఒక గీత చూపెట్టిండు, వెంట్రుకంత సన్నం.
"నీళ్ళు గిక్కడికెళ్ళి తాగుతున్నది సేఠ్" అన్నడు,
పక్కింటి పిల్లి మీద చాడీ చెప్పినట్టు.

తొంభై రెండు వేలు. క్లచ్చు ప్లేటు వేరె.
"చేస్తే ఎన్నేండ్లొస్తది?"
చాయ్ గ్లాసు రెండు చేతుల్ల పట్టుకోని ఆలోచించిండు.
"ఇంజన్ సంగతి నేను చెప్త.
బాడీ సంగతి వాననడుగు."

పదిహేడేండ్ల డీసీఎం.
వెనక డాల మీద సబిత టెంట్ హౌస్ అని రాయించిన,
'త' ఎప్పుడో గీసుకపోయింది.
షామియానాలు, ఇన్నూరు కుర్చీలు, డేగిశలు,
పెండ్లికొడుకు కూసునే ఎర్ర సోఫా,
ఎట్ల మడిచినా ఒక కాలు బయటికే చాపే బల్ల.
ఇయ్యాల పెండ్లి, ఎల్లుండి ఎవరిదో పదోదినం.
అదే గుడ్డ, అవే కుర్చీలు. బండికి తేడా తెల్వదు.
ఎల్లేశుకు తెలుసు:
పెండ్లికైతే గల్లీ మలుపుల హారన్ కొడ్తడు.

నాగోల్ షోరూంల పిలగాడు ఏసీ కింద కూసోవెట్టిండు,
సల్లటి నీళ్ళ సీసా ఇచ్చిండు.
నలభై ఎనిమిది నెలలు,
నెలకు ఇరవై మూడు వేల ఆరొందలు.
"ఆషాఢంల గూడ కట్టాల్నా? మూఢంల?"
నవ్విండు.
నేను నిజంగనే అడిగిన.

భోలక్‌పూర్ తుక్కు సేటు బండి చుట్టు కూడ తిరగలె.
నిలబడ్డకాడికెళ్ళే కిలోల్ల చెప్పిండు.
ముందట కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు
తూకంల రావన్నడు.

రాత్రి రసీదు బుక్కు వెనక సబిత గీత గీసింది:
ఇటు పాతది, అటు కొత్తది.
అటు దిక్కు 'బంగారం' అని రాసి,
నేను చూడకముందే కొట్టేసింది.
కింది కాగితం మీద అచ్చు పడ్డది.
పొద్దున రసీదు రాయబోతుంటే కనవడ్డది.
దాని మీదనే గిరాకి పేరు రాసిన.

ఎల్లేశు ఈ లెక్కలల్ల నోరు పెట్టడు.
మూడోనాడు టేపు పట్టుకోని వచ్చిండు.
"అన్నా, కొత్తది ఎంత ఎడల్పు?"
చిలకలగూడల మా సగం గిరాకి
ఆ ఒక్క గల్లీ అవతలనే ఉంటది.
ఇటు కరెంటు స్తంభం, అటు భిక్షపతి ఇంటి మెట్టు.
టేపు ఒక కొస నేను పట్టుకున్న,
ఒక కొస ఆయన.
మెట్టు మీద కూసోని శనగకాయలు వలుస్తున్న పిల్ల
కాళ్ళు పైకి తీసుకున్నది.
నాలుగించులు తక్కువ.
"అద్దాలు మడిస్తే?"
"మడిచినంకనే చెప్తున్న."

గంతే, తేలిపోయిందనుకునేరు.
వచ్చే యేడు ఫిట్‌నెస్ ఇయ్యకపోతే?
తొంభై రెండు వేలు ఆటోనగర్ నేలల ఇంకిపోతే?
రెండు రాత్రులు ఆ స్తంభాన్ని తిట్టుకుంట పండుకున్న,
మెట్టు కట్టిన భిక్షపతి తండ్రిని గూడ.
తెల్లారి పోయి మొయిన్ చేతుల ఇరవై వేలు పెట్టిన.
లెక్క పెట్టలె ఆయన.
అంగీ జేబుల కుక్కి, పానా అందుకున్నడు.

ఇంజన్ ఇంకా గోనెసంచి మీదనే ఉన్నది,
ఆ గల్లీలకెళ్ళి ఫోనొచ్చింది.
శనగకాయల పిల్ల నాయినమ్మ, తెల్లారుగట్ల పోయిందట.
ఒక షామియానా, అరవై కుర్చీలు.
ట్రాలీ ఆటో మాట్లాడిన. మూడు ట్రిప్పులు, పద్దెనిమిది వందలు.
పాతది అనే దిక్కే రాసిన ఆ ఖర్చు.
ఎల్లేశు ఆటోవాని పక్కన ఇరుక్కోని కూసున్నడు,
ఒళ్ళో తాళ్ళ చుట్ట.
కొత్త పిలగాడు, ఏం తెల్వదు,
మలుపు కాడ హారన్ మీద చెయ్యి వెయ్యబోయిండు.
ఎల్లేశు మణికట్టు పట్టుకున్నడు.