గంప బరువు

ఫిషింగ్ హార్బర్ కాటాలన్నిటికీ లోపల ఒకటే ప్రాణం.
సన్యాసినాయుడు గారు ఇరవై రెండేళ్ళ కిందట
ఆటోనగర్ రేకుల షెడ్డులో రాసిన
చిన్న ఆపరేటింగ్ సిస్టమ్.
దాన్ని మోసే ప్రాసెసర్‌ని
చేసేవాళ్ళు చెయ్యడం మానేశారు.
ఒక ఉత్తరం ముక్కైనా లేదు. కేటలాగులో ఆ పేజీ లేదు, అంతే.

ఇప్పుడు ఆ ప్రాణాన్ని కొత్త చిప్పులోకి దింపాలి.
"పరకాయ ప్రవేశమా?" అని నవ్వింది గేదెల ఝాన్సీ,
టంకం కడ్డీ చల్లార్చుకుంటూ.
పరకాయంలో కాళ్ళూ చేతులూ ఉన్నచోటే ఉంటాయి.
ఇక్కడ రిజిస్టర్ల పేర్లు వేరు, లెక్క వేరు.
ఎప్పుడు పడుకోవాలో,
ఎవరు తలుపు తడితే లేవాలో,
పాపం, దానికి మొదట్నుంచీ చెప్పాలి.

సీ భాషలో రాసిందంతా పేచీ పెట్టకుండా
లారీ ఎక్కేసింది.
మిగిలింది పదకొండు వందల లైన్ల అసెంబ్లీ.
అది సామాను కాదు, గోడ.
కొలతలు రాసుకుని
అక్కడ మళ్ళీ కట్టుకోవాల్సిందే.

ఆయన కామెంట్లు
ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలు.
"ఇక్కడ సెయ్యెట్టకు."
ఏ పనీ లేకుండా నాలుగుసార్లు తిరిగే లూపు పక్కన
"ఊపిరి తీసుకోనీ."
కొత్త చిప్పు వేగానికి ఆ ఊపిరి సగం కూడా అందదు.
నాలుగుని నాలుగు వందలు చేశాను.
లోడ్‌సెల్ పాతదే కదా, దాని ఆయాసం దానిది.

ఇంకోచోట, వచ్చిన లెక్కలోంచి ఒకటి తీసివేత.
పక్కన "తీసీకు. ఊరుకోరు."
ఎవరు? రాయలేదు.
పాత బోర్డు తప్పుని సర్దే అతుకు అనుకున్నాను.
తీసేశాను.

పదహారు రోజులు తెర నల్లన.
కీబోర్డు మీద బొగ్గు నుసి మాత్రం రోజూ వచ్చి వాలేది.
పదిహేడో రాత్రి, యారాడ కొండ మీద వాన దిగుతుంటే,
సీరియల్ తీగ చివర ఒక్క అక్షరం.
ఎస్.
తర్వాత ఏమీ లేదు.
స్టార్టులో ఎస్సో, సన్యాసిలో ఎస్సో
ఇద్దరం అడగలేదు.
ఝాన్సీ గొడుగు లేకుండా వెళ్ళి
మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చింది.

ఇంకో నెలకి, తెల్లారి నాలుగింటికి,
జెట్టీ మీద మైలపల్లి బంగారమ్మ
కోనాం గంప కాటాకెక్కించింది.
కాటా ఎర్రగా వెలిగి చెప్పింది:
ముప్పై కోట్ల పందొమ్మిది లక్షల
ఎనభై తొమ్మిది వేల
ఎనిమిది వందల ఎనభై ఎనిమిది కిలోలు.

"ఓలమ్మ! సంద్రమంతా నా గంపలోనే ఉందేటి?"

బోటు వాళ్ళు నవ్వారు, ఐసు కొట్టేవాడు నవ్వాడు.
నాకు చెవులు వేడెక్కాయి.
నాలుగు గదుల్లో దాచిన పద్దెనిమిదిని
పాత చిప్పు పెద్ద కొస నుంచి చదివేది,
ఇది చిన్న కొస నుంచి చదువుతోంది.
అందులో వింతేముంది?
పాతకాలం శాసనాల్లో
కన్నులు, వేదాలు, చంద్రుడు అని చెక్కితే
నూట నలభై రెండు.
అంకెలది ఎడమ నడక అని
ఉలి పట్టినవాడికి తెలుసు.
నాకు తట్టడానికి
ముప్పై కోట్ల కిలోల చేప కావలసొచ్చింది.

ఐసు పెట్టె మీద కూర్చుని
బైట్లు తిప్పే నాలుగు లైన్లు రాశాను.
ల్యాప్‌టాప్ మూత మీద పొలుసులు.
కాటా మళ్ళీ వెలిగింది: పద్దెనిమిది.

ఝాన్సీ చప్పట్లు కొట్టబోయింది.
బంగారమ్మ కదల్లేదు.
"గంప తియ్యవేటి బాబూ?
నాయుడు బాబు కాటా గంప తీసీసే సెప్పీది.
బోటోడికి నాను ఎదురు బద్దలక్కూడా డబ్బులియ్యాలా?"

అదీ, ఊరుకోనిది ఎవరో.

తీసివేత మళ్ళీ రాశాను.
కాటా పదిహేడు అంది.
ఆవిడ డబ్బులు లెక్కపెట్టుకుంటూ
నా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.
ఆయన కామెంటుని అలాగే ఉంచి
కింద నా మాట ఒకటి చేర్చాను,
ఈ చిప్పు పేజీ కూడా కేటలాగులోంచి చిరిగిపోయిన నాడు
ఎవరో ఒకరు చదువుకోడానికి:
"ఈ ఒకటి గంప. తడిసిన గంప."